సమాజశాస్త్రం చదవడానికి సముద్రాలు దాటడమెందుకు?

మా కళాశాలలో గణాంకశాస్త్రం చదివి పట్టభద్రుడైన విద్యార్థి ఒకడు ఇంగ్లండులో సమాజశాస్త్రం చదవడానికి సీటు సంపాదించుకొని, వెళ్ళేముందు సెలవు తీసుకుపోవడానికి మా అధ్యాపకుల గదికి వచ్చాడు. అతడు నమస్కరించి వెళ్ళిపోయిన తరువాత మా తెలుగు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు: "పరమాణువును గురించి చదవాలంటే పెద్ద పెద్ద యంత్రాలు కావాలి, అవి అక్కడ ఉన్నవి, కనుక వెళ్ళాలి. సంఘాన్ని గురించి చదవడానికి అంత దూరం ఎందుకండీ? సంఘం ఇక్కడ లేదూ?"

అందరమూ నవ్వాము. కాని అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు. నేను బోధించేది భౌతికశాస్త్రం. అందుచేత నాకు తోచిన సమాధానమూ అక్కడినుంచే వచ్చింది.

1672లో జాఁ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు పారిస్ నుండి దక్షిణ అమెరికాలోని కేయెన్ అనే చోటికి వెళ్ళాడు. అది భూమధ్యరేఖకు దాదాపు 5 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. తనతో ఒక లోలకపు గడియారాన్ని కూడా తీసుకుపోయాడు. పారిస్‌లో సరిగా నడిచిన ఆ గడియారం కేయెన్‌లో రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడసాగింది. రిషే గడియారం చెడిపోయిందని దానిని మూలన పడవేయలేదు. లోలకాన్ని కొంచెం పొట్టి చేస్తేనే అది సెకను కొలుస్తున్నదని శ్రద్ధగా కొలిచి వ్రాసుకున్నాడు. ఈ చిన్న తేడాకు కారణం న్యూటన్ 1687లో ప్రకటించిన గ్రంథంలో దొరికింది. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్లా, భూమధ్యరేఖ దగ్గర ఉబ్బెత్తుగా ఉన్నందువల్లా అక్కడ గురుత్వం కొంచెం తక్కువ. పారిస్‌లోనే కూర్చుంటే ఆ గడియారం ఎన్నేళ్ళు నడిచినా ఈ సంగతి బయటపడేది కాదు. కేయెన్‌లో పుట్టి పెరిగినవారికి గడియారమే లేకపోతే వారికీ తెలిసేది కాదు. ఒకచోట సరిచూసిన పరికరాన్ని మరొక చోటికి మోసుకుపోయినప్పుడు ఆ చోటును గురించీ, ఆ పరికరాన్ని గురించీ కూడా కొత్త సంగతి తెలిసింది.

సమాజశాస్త్రంలో విదేశ విద్య అంటే నా దృష్టిలో ఇదే. అక్కడ పరికరాలు ఇత్తడివీ గాజువీ కావు. ఒక వీధిలోని ఇళ్ళన్నింటినీ వరుసగా అడిగే ప్రశ్నల పట్టిక ఒక పరికరం. జనం ఎక్కడినుండి వచ్చి ఎక్కడ స్థిరపడుతున్నారో చూపే పటం ఒకటి. ఒక ఊళ్ళో ఏడాదిపాటు నివసించి, చూచినది చూచినట్లు ప్రతి రాత్రీ వ్రాసుకునే దినచర్య పుస్తకం మరొకటి. వీటన్నిటికంటే సున్నితమైన పరికరం ఒక భావన. "వర్గం", "కుటుంబం", "ప్రతిష్ఠ" అనే మాటలను ఇంత అర్థంలోనే వాడతానని ముందుగా నిర్ణయించుకోవడం. మనం రోజూ వాడే మాటలే గదా అని అనిపిస్తుంది. బలం, పని, శక్తి అనే మాటలూ రోజూ వాడేవే. భౌతికశాస్త్రం వాటికి కొలత కట్టిన తరువాత అవి వేరే మాటలయ్యాయి.

ఈ శాస్త్రాన్ని నిలబెట్టినవారిలో చాలామంది ఇట్లా దేశాంతరం పోయి చదువుకున్నవారే. చికాగో విశ్వవిద్యాలయం 1892లో పాఠాలు ప్రారంభించిన నాడే అందులో సమాజశాస్త్ర విభాగం పెట్టిన ఆల్బియన్ స్మాల్ జర్మనీలో చదివి వచ్చారు. తరువాత అదే విభాగానికి పేరు తెచ్చిన రాబర్ట్ పార్క్ మొదట పత్రికా విలేకరి. బెర్లిన్‌లో జిమెల్ ఉపన్యాసాలు విని, 1904లో హైడెల్‌బర్గ్‌లో డాక్టరేటు పొంది అమెరికాకు తిరిగివచ్చారు. వారందరిలో నాకు ఎక్కువగా నచ్చిన కథ డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్‌ది.

డుబాయిస్ అమెరికా నల్లజాతివారు. 1892 నుండి 1894 వరకు బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ష్మోలర్ వంటి ఆచార్యుల దగ్గర చదివారు. సిద్ధాంతం చెప్పేముందు వాస్తవాలను ఓపికగా పోగుచేయాలన్నది ఆ ఆచార్యుని పట్టుదల. డుబాయిస్‌కు బెర్లిన్ డాక్టరేటు దక్కలేదు. అక్కడి నియమం ప్రకారం ఉండవలసిన కాలం ఇంకా మిగిలి ఉండగానే ఆయనకు డబ్బు ఇస్తున్న సంస్థ విద్యార్థివేతనం పొడిగించడానికి ఒప్పుకోలేదు. తిరిగివచ్చి 1895లో హార్వర్డులో డాక్టరేటు పొందారు. హార్వర్డులో ఆ పట్టం పొందిన మొదటి నల్లజాతి అమెరికన్ ఆయనే. మరుసటి సంవత్సరం ఫిలడెల్ఫియా నగరంలో నల్లవారు ఎక్కువగా ఉండే ఏడవ వార్డును పరిశీలించే పని దొరికింది. ప్రశ్నల పట్టిక చేతబట్టుకొని సుమారు 2,500 కుటుంబాలను ఇంటింటికీ తిరిగి ప్రశ్నించారు. ఆ పేటలోని పేదరికానికీ నేరాలకూ జాతిస్వభావమే కారణమని ఊరి పెద్దలు నిశ్చయించుకొని ఉన్న రోజులవి. 1899లో వెలువడిన ఆయన గ్రంథం పనులు దొరకకపోవడం, అద్దెలు, బానిసత్వపు గతం మొదలైనవాటిని లెక్కలతో సహా ముందు పెట్టింది. జర్మనీలో నేర్చుకున్న పద్ధతి తన వీధిలో తన వారిమీద మోపిన అభాండాన్ని పరీక్షించడానికి పనికివచ్చింది. ఆయన చేత ఈ పని చేయించుకున్న విశ్వవిద్యాలయం మాత్రం ఆయనకు పాఠం చెప్పే ఉద్యోగం ఇవ్వలేదు.

ఇక మన దేశపు సంగతికి వద్దాం. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థివేతనంతో భీమరావ్ అంబేద్కర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ముఖ్య విషయం అర్థశాస్త్రం. దానితోపాటు సమాజశాస్త్రం, మానవశాస్త్రం, చరిత్ర కూడా చదివారు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ అనే మానవశాస్త్ర ఆచార్యుని గోష్ఠిలో భారతదేశంలోని కులాలను గురించి ఒక వ్యాసం చదివారు. అప్పుడాయనకు 25 ఏళ్ళు. ఆ వ్యాసాన్ని ఉపాధ్యాయులు తరగతిలో వివరించి చూడవలెనని నా కోరిక. ఎందుకంటే అందులోని తర్కం దాదాపు గణితం.

కులానికి లక్షణమేమిటి? అంతకుముందు వ్రాసినవారు వృత్తి అన్నారు, మడి అన్నారు, కలిసి భోజనం చేయకపోవడం అన్నారు. అంబేద్కర్ వీటిని పక్కకు నెట్టి ఒక్కటే మిగిల్చారు. తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం, అనగా అంతర్వివాహం. ఇప్పుడు లెక్క చూడండి. ఒక గుంపులో పెళ్ళీడు స్త్రీలూ పురుషులూ సమానంగా ఉన్నారనుకుందాం. ఆ గుంపు తన తలుపు మూసుకున్నది. జంటలోని ఇద్దరూ ఒకేసారి చనిపోరు. భర్త ముందు పోతే ఒక స్త్రీ మిగిలిపోతుంది. ఆమె గుంపు వెలుపల పెళ్ళి చేసుకుంటే తలుపు తెరుచుకుంటుంది. గుంపులోనే మళ్ళీ చేసుకుంటే మరొక కన్యకు దక్కవలసిన వరుడు తగ్గిపోతాడు. కనుక మిగిలిపోయిన స్త్రీని ఏదో ఒకటి చేయాలి. భర్తతోపాటు దహనం చేయడం ఒక దారి, జీవితాంతం వితంతువుగా ఉంచడం మరొకటి. భార్య ముందు పోతే పురుషుడు మిగిలిపోతాడు. సంఘంలో పురుషునికి విలువ ఎక్కువ గనుక అతనిని కాల్చరు. సన్యాసిగా ఉండమన్నా అందరూ ఉండలేరు. అతనికి పెళ్ళీడుకు రాని పిల్లలలోనుంచి భార్యను తేవాలి. సతీసహగమనం, వితంతువుకు పెళ్ళి లేకపోవడం, బాల్యవివాహం ఈ మూడూ వేర్వేరు దురాచారాలు కావనీ, మూసిన తలుపు మూసినట్లే ఉండడానికి కావలసిన బోల్టులనీ ఈ తర్కం చూపిస్తుంది. బోల్టులు అన్న పోలిక నాది, వాదం ఆయనది.

ఒక వర్గం ఇట్లా తలుపు మూసుకొన్న తరువాత మిగిలినవారు ఎందుకు మూసుకున్నారు? దీనికి అంబేద్కర్ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తార్ద్ చెప్పిన అనుకరణ సూత్రాలను వాడుకున్నారు. పై స్థాయివారిని కింది స్థాయివారు అనుకరిస్తారు, దగ్గర ఉన్నవారు ఎక్కువ అనుకరిస్తారు అని ఆ సూత్రాల సారాంశం. ఫ్రాన్సులో పుట్టిన సూత్రం, అమెరికాలో ఒక గోష్ఠి, ఆధారమంతా భారతదేశపు అనుభవం. ఆ అనుభవం ఆయనకు పుస్తకాలలో దొరికినది కాదు. మహార్ కుటుంబంలో పుట్టి దానిని ఒంటిమీద భరించారు. అయినా ఆ వ్యాసంలో ఎక్కడా ఆయన తన సొంత బాధ చెప్పుకోలేదు. దూరం వల్ల కలిగే లాభమేమిటో ఈ ఒక్క వ్యాసం చెబుతుంది. అందరూ అంగీకరించారని కాదు. తరువాతి పరిశోధకులు ఈ వాదంలో కొన్ని భాగాలతో విభేదించారు. విభేదించడానికి వీలైనంత స్పష్టంగా చెప్పడమే శాస్త్రంలో సగం పని.

బొంబాయి విశ్వవిద్యాలయంలో 1919లో సమాజశాస్త్ర విభాగం ఏర్పడింది. దానికి తరువాత అధిపతి అయిన జి. ఎస్. ఘుర్యే మొదట లండన్‌లోను, తరువాత కేంబ్రిడ్జిలోను చదివి వచ్చినవారే. ఆయన శిష్యులు ఎం. ఎన్. శ్రీనివాస్. శ్రీనివాస్ కొడగు ప్రాంతపు ప్రజల ఆచారాలను గురించి బొంబాయిలో ఉండగానే బోలెడు సమాచారం సేకరించారు. 1945లో ఆ కాగితాల మూట పట్టుకొని ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. అక్కడ రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే ఆచార్యుడు అడిగే ప్రశ్న వేరు. ఈ ఆచారం ఎప్పుడు పుట్టిందని కాదు, ఈనాడు ఆ సంఘాన్ని కలిపి ఉంచడంలో ఇది ఏ పని చేస్తున్నదని. సమాచారం అదే, ప్రశ్న మారింది. మూటలో ఉన్న కాగితాలే కొత్తగా మాట్లాడసాగాయి. 1947లో డాక్టరేటు, 1952లో గ్రంథం వచ్చాయి. కింది కులాలు పై కులాల ఆచారాలను చేపట్టి కాలక్రమాన మెట్టు ఎక్కజూడడానికి "సంస్కృతీకరణం" అని ఆయన పెట్టిన పేరు ఆ గ్రంథంతోనే ప్రసిద్ధి కెక్కింది.

అసలు గడియారం వెనకబడిన సంగతి ఆ తరువాతిది. 1948లో శ్రీనివాస్ మైసూరు దగ్గర ఒక పల్లెలో నివసించడానికి వెళ్ళారు. గ్రంథంలో ఆ ఊరి పేరు మార్చి రాంపుర అన్నారు. ఊరి పెద్ద ఎడ్లను కట్టే ఇంట్లో ఆయనకు బస. పుస్తకాలలో నాలుగు వర్ణాలు, ఒక్కటే నిచ్చెన, ఎవరి మెట్టు వారిది. పల్లెలో చూస్తే మధ్య మెట్లమీద ఎవరు పైన ఎవరు కింద అన్నది తేలని తగాదా. శాస్త్రప్రకారం పైనున్నవారికంటే భూమి, జనసంఖ్య, పలుకుబడి ఉన్న కులం మాటే ఊళ్ళో చెల్లుబాటు. దీనినే ఆయన ప్రాబల్య కులం అన్నారు. పరాయి దేశపు పండితులు, మన పండితులు కూడా గ్రంథాలనుండి గీసుకున్న పటం నేలమీద సరిపోలేదన్నమాట. పై కులంలో పుట్టిన తనకు ఊరంతా సమానంగా కనబడలేదనీ, కొన్ని గడపలు తనకు దూరంగానే ఉండిపోయాయనీ ఆయన తరువాత నిజాయితీగా ఒప్పుకున్నారు. పరికరం లోపం పరిశీలకునిలోనే ఉండవచ్చును. దానికీ లెక్క కట్టాలి.

1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పని చేస్తుండగా భవనానికి నిప్పు పెట్టారు. రాంపురను గురించి ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న పరిశీలనల ప్రతులు మూడూ కాలిపోయాయి. అప్పుడాయన జ్ఞాపకంనుండి వ్రాసిన పుస్తకం 1976లో వెలువడింది. ప్రతులన్నీ ఒకేచోట దాచరాదని ప్రయోగశాలలో విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను ఈ కథ చెబుతుంటాను.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. హైదరాబాదు నుండి కరీంనగర్ వెళ్ళే దారిలో శామీర్‌పేట ఉన్నది గదా, ఆ ఊరిని 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు బృందంతో ఎస్. సి. దూబే పరిశీలించారు. 1955లో వచ్చిన ఆయన గ్రంథం ద్వారా ఆ ఊరు ప్రపంచంలోని సమాజశాస్త్ర విద్యార్థులకు పరిచయమైంది. దానికి ముందుమాట వ్రాసినవారు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు మారిస్ ఓప్లర్. ఆదిలాబాదు గోండులను, నల్లమల చెంచులను పరిశీలించిన హైమెన్‌డార్ఫ్ వియన్నావారు. తరువాత లండన్‌లో ఆచార్యులయ్యారు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్‌లోని ప్రాచ్య ఆఫ్రికా అధ్యయన విద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. మన అడవుల సంగతి వెతుక్కుంటూ మన పిల్లవాడు లండన్ పోవలసి రావడం ఎవరికైనా చివుక్కుమనిపించవచ్చు. కాని కాగితం ఎక్కడుంటే అక్కడికే పోవాలి.

ఇక అక్కడ చదువు ఎట్లా ఉంటుందో కొంచెం చెబుతాను. ఇంగ్లండులో మాస్టర్సు పట్టం సాధారణంగా ఒక్క సంవత్సరం. డాక్టరేటు మూడు నాలుగేళ్ళు. పరిశోధన దేనిమీద చేయదలచుకున్నదీ దరఖాస్తులోనే వ్రాయాలి. అమెరికాలో డాక్టరేటుకు అయిదారేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ పడుతుంది. మొదటి రెండేళ్ళు తరగతులు, ఆపైన అర్హత పరీక్షలు, తరువాతే సొంత పరిశోధన. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు బోధనా రుసుము తీసుకోవు గాని, సమాజశాస్త్రం అక్కడ ఎక్కువగా జర్మన్ భాషలోనే సాగుతుంది. భౌతికశాస్త్రంలో సమీకరణాలు భాష కొరతను కొంత తీరుస్తాయి; ఈ శాస్త్రంలో భాషే పరికరం. డిగ్రీలో సమాజశాస్త్రం చదవనివారిని కూడా చాలా విశ్వవిద్యాలయాలు చేర్చుకుంటాయి. గణాంకశాస్త్రం వచ్చినవారికి అది అదనపు బలం.

పైన చెప్పిన మా విద్యార్థి మొదటి మూడు నెలల తరువాత వ్రాసిన ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. ఒకటి, తరగతిలో నోట్సు చెప్పరు. వారానికి రెండు వందల పేజీలు చదువుకొని రమ్మంటారు, పన్నెండు మంది గుండ్రంగా కూర్చుంటారు, "ఈ రచయిత ఎక్కడ పొరబడ్డాడు?" అని ఆచార్యుడు అడుగుతాడు. "అచ్చయిన పుస్తకం పొరబడుతుందని మనం ఎన్నడూ అనుకోలేదు గదా సార్" అని వ్రాశాడు. నాకు కొంచెం సిగ్గనిపించింది. రెండవది, అక్కడి వృద్ధాశ్రమంలో పదిమందితో మాట్లాడి వ్యాసం వ్రాయదలిస్తే ముందు నైతిక సమీక్షా సంఘం అనుమతి తీసుకోవాలట. ఏమేమి అడుగుతావు, పేర్లు ఎట్లా దాస్తావు, మధ్యలో వద్దంటే ఏం చేస్తావు అని పన్నెండు పేజీల దరఖాస్తు. మనిషి ప్రయోగశాలలోని కప్ప కాదు గనుక ఈ జాగ్రత్త న్యాయమే. అన్నట్టు, ఆ ఉత్తరంలో చివరి వాక్యం ఇది: "మీ ఊళ్ళో మీ వెనుక వీధిలో ఎవరుంటారు అని ఒకమ్మాయి అడిగింది. నాకు తెలియదు సార్."

డబ్బు సంగతి దాచి లాభం లేదు. అమెరికాలో డాక్టరేటు విద్యార్థులకు తరచుగా రుసుము మినహాయించి, బోధనలో సహాయం చేసినందుకు జీతం ఇస్తారు. మాస్టర్సుకు మాత్రం చాలాచోట్ల సొంత డబ్బే పెట్టుకోవాలి. ఈ చదువుకు ఉద్యోగాల బజారు ఇంజనీరింగుకు ఉన్నంత పెద్దది కాదు. ఇల్లు తాకట్టు పెట్టి వెళ్ళేవారు ఈ రెండు ముక్కలూ కలిపి ఆలోచించుకోవాలి. షెడ్యూల్డు కులాలు మొదలైన వర్గాలవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జాతీయ విదేశీ విద్యార్థివేతనం ఉన్నది. 2022లో దాని నిబంధనలలో ఒక షరతు చేర్చారు. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజానికి సంబంధించిన అధ్యయనాలకు ఆ వేతనం వర్తించదని. వాటిని చదవడానికి కావలసిన వనరులు ఇక్కడే ఉన్నాయన్నది దానికి చెప్పిన కారణం. దరఖాస్తు చేసేవారు ఆయా సంవత్సరపు ప్రకటన జాగ్రత్తగా చదువుకోవాలి. మా తెలుగు మాస్టారి ప్రశ్నే ఇక్కడ నిబంధన రూపం ధరించిందని నాకు అనిపిస్తుంది. వనరులు ఇక్కడ ఉన్నమాట నిజమే. కేయెన్‌లోనూ గురుత్వం ఉన్నది. 1916 నాటి ఆ వ్యాసం ఇటువంటి షరతు కింద వెలువడి ఉండేదా అన్నది పాఠకులే ఆలోచించాలి.

తరగతిలో చేయదగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. చికాగోలో పార్క్ సహచరుడు బర్జెస్ 1925లో ఆ నగరానికి ఒక పటం గీశారు. నడుమ వ్యాపార కేంద్రం, దానిచుట్టూ వలయాలు. కేంద్రానికి ఆనుకొని కొత్తగా వచ్చిన పేదలు, వెలుపలికి పోయినకొద్దీ కలిగినవారు. ఇదీ ఒక గడియారమే. మీ ఊరికి దీనిని తీసుకుపోయి చూడండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమ వీధిలో ఏ కుటుంబం ఏ సంవత్సరంలో ఎక్కడినుండి వచ్చిందో, ఇంటి పెద్ద ఏ పని చేస్తారో అడిగి వ్రాసుకోవచ్చు. చెప్పడం ఇష్టం లేనివారిని వదిలేయాలి, పేర్లు వ్రాయరాదు. మన పల్లెల్లో పేదల వాడ చాలావరకు ఊరికి వెలుపలే గనుక వలయాలు తలక్రిందులయ్యే అవకాశమే ఎక్కువ. అపార్టుమెంట్లు లేస్తున్న పట్నాల అంచులలో ఏమవుతుందో చూడవలసిందే.

ఈ సంగతి చెప్పినప్పుడు మా తెలుగు మాస్టారు కొంతసేపు ఆలోచించి, "పటం ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. పంచాయతీ కార్యాలయంలో అడిగి చూడమన్నాను.